"ఇంటికి"లో ఆ "టి" ఎక్కడిది? పదాన్ని ఎక్కడ కొయ్యాలో తెలియట్లేదు

గరివిడి కుర్రోడు అడిగింది:

అందరికీ నమస్కారం. నేను ఎమ్మే తెలుగు ప్రైవేటుగా కడుతున్నాను, పగలంతా డ్యూటీ రాత్రికి చదువు. భాషాశాస్త్రం పేపర్లో పదాంశాలు అనే పాఠం దగ్గర ఆగిపోయాను. పుస్తకంలో "అర్థం ఉన్న అతి చిన్న భాగం పదాంశం" అని ఒక లైను, కింద "చెట్లకి = చెట్టు + లు + కి" అని ఒక ఉదాహరణ, అంతే, తిరగేస్తే వేరే పాఠం. అది చూసి సరేలే ఇంతేనా అనుకుని సొంతంగా పదాలు కొయ్యడం మొదలెట్టాను, అక్కడ వచ్చింది తంటా.

ఇంటికి తీసుకోండి. ఇల్లు + కి అయితే ఇల్లుకి అవ్వాలి కదా. "టి" ఎక్కడినుంచి దిగింది, దానికి అర్థం ఏటి? అర్థం లేకపోతే అది పదాంశం ఎలాగవుతుంది? పోనీ "ఇంటి" మొత్తం ఒకటే ముక్క అనుకుంటే ఇల్లు ఒక ముక్క ఇంటి ఇంకో ముక్కా, రెండూ ఒకటే కదా చూస్తే.

ఇంకోటి. ఆడు నుంచి ఆట, పాడు నుంచి పాట. బాగుంది. మరి మాట? మాడు నుంచి అనాలా? మాడు అంటే అన్నం మాడడం తప్ప నాకు ఇంకేం తెలీదు.

మూడోది మా ఇంటి గొడవ. మా ఇంట్లో "వచ్చినాడు" అంటారు, ఇటుపక్క రాసిన పాత కథల్లో "వచ్చేడు" అని ఉంటుంది, టీవీలో "వచ్చాడు". ఇవి మూడూ ఒకే ముక్కలతో కట్టినవా లేక వేరువేరా? పరీక్షలో ఏది కోసి చూపించినా మార్కులు ఇస్తారా? తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి, కాపీ పేస్టు లింకులు వద్దు ప్లీజ్.


పాత పంతులు:

బాబూ, నీ మొదటి ప్రశ్నకి 1858లోనే జవాబు ఉంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో వీటికి ఔపవిభక్తికాలు అని పేరు పెట్టి ఇ, టి, తి అని మూడు చూపించాడు. ఊరు ఊరి అవుతుంది, ఇల్లు ఇంటి అవుతుంది, చెయ్యి చేతి అవుతుంది. నువ్వు పల్లెటూరి వాడివే అనుకుంటాను కాబట్టి రోజూ వినేవే చూసుకో. నాగలి, నాగటి చాలు. రోలు, రోటి పచ్చడి. నుయ్యి, నూతి నీళ్ళు. ఏరు, ఏటి ఒడ్డు. గోరు, గోటి రంగు. వీటిలో ఏదీ నీకు ఎవరూ నేర్పలేదు, నోటికి వచ్చేసింది. "నోటికి" కూడా అదే బాపతు.

అర్థం ఏమిటి అంటావా, "ఇంటి గుమ్మం" అన్నప్పుడు ఆ గుమ్మం ఇల్లు అనేదానికి చెందింది అని చెప్పేది ఆ మారిన రూపమే. ఇంకే ప్రత్యయమూ అక్కడ లేదు. "ఇంటికి" అన్నప్పుడు మాత్రం దానికి విడిగా అర్థం వెతక్కు. కి, ని, తో లాంటివి వచ్చి కూచోడానికి వేసిన పీట అది. పీట లేకుండా కూచోవు, అంతే.

మన ఊళ్ళ పేర్లతో ఇంకా బాగా తెలుస్తుంది. శ్రీకాకుళం, శ్రీకాకుళానికి. విజయనగరం, విజయనగరానికి. ఇచ్ఛాపురం, ఇచ్ఛాపురానికి. మధ్యలో "ని" దిగింది, అది "టి"కి అన్నదమ్ములాంటిదే. ఇప్పుడు రాజాం చెప్పు. రాజానికి టికెట్ ఇవ్వండి అని ఎవడైనా అడుగుతాడా? రాజాంకి అంటాడు, లేకపోతే ఏమీ తగిలించకుండా రాజాం ఒకటి అంటాడు. తెర్లాం కూడా అంతే, తెర్లాంకి. చివర పొట్టి "అం" ఉంటేనే "ఆని" వస్తుంది, ముందునుంచే దీర్ఘం ఉన్న "ఆం"కి రాదు. బస్సు కాంప్లెక్సులో నిలబడ్డ ఏ ప్రయాణికుడూ దీనిలో తడబడగా నేను చూళ్ళేదు.

కొత్తగా వచ్చిన ఇంగ్లీషు మాటలు ఎటూ తేలవు. సిస్టంకి అంటారు, సిస్టానికి అంటే నవ్వుతారు. కానీ ఫారం మనలో ఎప్పుడో కలిసిపోయింది కాబట్టి ఫారాలు, ఫారానికి అని చక్కగా అంటాం.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. పూసపాటిరేగలో "పాటి" ఉంది చూశావా, అది పాడు అనే ఊరిపేరు ముక్కకి మారిన రూపం. మన ఇంటిపేర్లలో చాలావాటికి చివర ఇలా "పాటి" "ఊరి" "కంటి" అని ఉండడానికి కారణం ఇదే, ఫలానా ఊరి వాళ్ళు అన్నది కుదించి పెట్టుకున్నవి.


నాగావళి:

పంతులు గారు చెప్పింది బాగుంది. నేను వేరే వైపునుంచి వస్తాను, ఎందుకంటే మీ అసలు ఇబ్బంది "టి" కాదనిపిస్తోంది. మీరు అక్షరాల దగ్గర కోస్తున్నారు. తెలుగు లిపిలో హల్లూ అచ్చూ కలిసి ఒకే గుర్తుగా కనిపిస్తాయి కాబట్టి మన కంటికి అక్షరం ఒక ముక్కలా అనిపిస్తుంది. కానీ పదాంశం సరిహద్దు చాలాసార్లు అక్షరం కడుపులో ఉంటుంది.

వచ్చాడు తీసుకోండి. "వ" "చ్చా" "డు" అని కోస్తే ఏమీ రాదు. వచ్చ్ + ఆ + డు అని కొయ్యండి. ఇది సరైన కోతేనా అని తెలియాలంటే పక్కన ఇంకో మూడు పెట్టాలి. వచ్చాను, వచ్చావు, వచ్చారు. మారింది చివర ముక్క ఒక్కటే, అది మనిషిని చెబుతోంది. ఇప్పుడు మొదటిది మార్చండి, తిన్నాడు, చూశాడు, కూచున్నాడు. మధ్యలో "ఆ" కదల్లేదు, జరిగిపోయింది అని చెప్పేది అదే. కోత అంటే ఇదే, ఒక ముక్క మార్చి మిగతావి కదలకుండా ఉన్నాయా అని చూడడం. ఊరికే ఒక్క పదాన్ని బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూచుంటే ఎంతసేపైనా తేలదు.

ఇప్పుడు వచ్చింది చూడండి. ఇక్కడ "ఆ" లేదు. వచ్చ్ + ఇన్ + ది. అంటే జరిగిపోయిన కాలానికి తెలుగులో ఒక్క రూపం కాదు, ఆడమనిషి గురించో వస్తువు గురించో అయితే "ఇన్", మిగతాచోట్ల "ఆ". ఒకే పని చేసే వేరువేరు రూపాలని సపదాంశాలు అంటారు, మీ పుస్తకంలో తర్వాతి పేజీల్లో ఉండే ఉంటుంది. మీ ఇంటి గొడవ కూడా దీంతోనే తీరిపోతుంది. మీ వాళ్ళ "వచ్చినాడు"లో "ఇన్" ఉంది, "ఆ" ఉంది, రెండూ ఉన్నాయి. టీవీ భాషలో "వచ్చింది"లో మాత్రమే మిగిలిన "ఇన్" మీ ఇంట్లో మగవాడి గురించి చెప్పేటప్పుడు కూడా బతికే ఉంది. కాబట్టి అది మోటు రూపం అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి, నిజానికి ముక్కలు స్పష్టంగా కనిపించేది అందులోనే. "వచ్చేడు"లో "ఏ" అని రాసింది "ఆ"కి ఇటువైపు పలుకుబడి, అంతే.

ఇంకా సరదా ఏంటంటే వచ్చినాడు, వచ్చినోడు. రెండోది "వచ్చిన వాడు". అచ్చు ఒక్కటి మారితే మొదటిది మొత్తం వాక్యం, రెండోది మనిషి. "నిన్న వచ్చినోడు ఇవాళ మళ్ళీ వచ్చినాడు" అని మా అమ్మ అంటే ఎవరికీ అయోమయం రాదు.

మీ పుస్తకం ఉదాహరణ కూడా అంత తేలికేం కాదు. చెట్లకి అన్నారు కదా, అందులో "లు" ఎక్కడుంది? "ల" ఉంది. చెట్లు అనేది కి ముందు చెట్ల అయిపోతుంది, ఇల్లు ఇంటి అయినట్టే. అంటే పంతులు గారి పీట ఇక్కడ కూడా ఉంది, "లు"లో ఉత్వం పోయి అత్వం వచ్చింది. పుస్తకం దాన్ని దాచేసి చెట్టు + లు + కి అని రాసేసింది, అందుకే మీకు ఇంటికి దగ్గర షాక్ తగిలింది.


బొబ్బిలి:

ఇవన్నీ మనం టెన్తులో చదువుకున్న సంధులు, సమాసాలు, విభక్తులే కదా అండీ. పాత సీసాలో కొత్త సారా. పదాంశం సపదాంశం అని పేర్లు మార్చి ఎందుకు పిల్లల్ని చంపడం?


నాగావళి:

కాదండీ. సంధి అనేది రెండు ముక్కలు ఎదురుపడితే వాటి అంచుల్లో ఏం జరుగుతుందో చెబుతుంది. అసలు ఆ ముక్కలు ఏవి అన్నది వేరే ప్రశ్న. చెయ్యను అనే మాట తీసుకోండి. చేశాను, చేస్తాను, చెయ్యను. మూడోదాంట్లో "కాదు" అనే అర్థం ఏ అక్షరంలో ఉంది? కాలం చెప్పే ముక్క ఏది? ఏదీ లేదు, రోజూనా రేపటికా అన్నది కూడా అందులో లేదు, రోజూ చెయ్యను అన్నా రేపు చెయ్యను అన్నా అదే రూపం. ఉన్న "అ"నే వ్యతిరేకం గుర్తు అనుకోవచ్చు, కాలం గుర్తు లేకపోవడమే గుర్తు అనీ అనుకోవచ్చు. దీనికి సంధి సూత్రం ఏం సాయం చేస్తుంది చెప్పండి?


బొబ్బిలి:

సరే ఒప్పుకున్నా. కానీ పేర్లు మాత్రం నోరు తిరగట్లేదు.


గరివిడి కుర్రోడు:

అమ్మో, చెయ్యనులో "కాదు" ఎక్కడుందో ఇన్నాళ్ళూ చూడనేలేదు. నాగావళి మేడం, పంతులు గారూ, థాంక్స్. మాట సంగతి ఎవరూ ముట్టుకోలేదు. ఇంకోటి కూడా ఇప్పుడే తగిలింది, చేయించులో "ఇంచు" ప్రేమించులో "ఇంచు" ఒకటేనా? నాకు రెండూ ఒకేలా కనిపిస్తన్నాయి.


పాత పంతులు:

మాటని కొయ్యకు నాయనా. ఆడు ఆట, పాడు పాట అని పక్కపక్కన పెడితే అర్థం కూడా తోడుగా నడుస్తోంది, ఆడితే వచ్చేది ఆట, పాడితే వచ్చేది పాట. మాడితే వచ్చేది మాట కాదు. శబ్దం కలిసినంత మాత్రాన కోత పడదు, అర్థం కూడా కలవాలి. ఇవాళ్టి తెలుగులో మాట ఒకటే ముక్క. కానీ దాని పక్కింటి "మాట్లాడు" చూడు, అది మూడు ముక్కలు. మాటలు + ఆడు, మాటలాడు, మాట్లాడు. అంటే ఆ చిన్న "ల్" బహువచనం! రోజుకి వందసార్లు మాట్లాడతాం గానీ అందులో బహువచనం ఉందని ఎవరికి గుర్తుంటుంది. పోట్లాడు కూడా అంతే. మన వైపు దెబ్బలాడుకుంటన్నారు అంటాం చూడు, అందులో మాత్రం "దెబ్బలు" నలగకుండా నిండుగా వినిపిస్తాయి.


నాగావళి:

"ఇంచు" గురించి. పరీక్ష ఏంటంటే మనుషుల్ని లెక్కపెట్టండి. చేశాడులో ఒకడే, చేయించాడు అనగానే చేసేవాడు ఒకడు చేయించేవాడు ఇంకొకడు. ఇలా మనిషి పెరిగితే అది ప్రేరణ "ఇంచు". ప్రేమించాడులో అలా మనిషి పెరగలేదు, ప్రేమ అనే నామవాచకాన్ని క్రియ చెయ్యడానికి వచ్చింది అంతే. భావించు, జయించు, ఊహించు అన్నీ అదే కోవ. రూపం ఒకటే, పని వేరు, అందుకని రెండు పదాంశాలుగానే రాయండి. ఇంకో ఆధారం, ప్రేమించుకి ప్రేరణ కావాలంటే మళ్ళీ ఇంచు తగిలించలేం, ప్రేమింపజేయు అనాలి. రెండూ ఒకటే అయితే ఈ తిప్పలు ఎందుకు?

ఈ రెండో ఇంచు సంస్కృతంతో ఆగలేదు, హిందీ ఉర్దూల్ని కూడా లాక్కొచ్చింది. చలాయించు, దబాయించు. కానీ ఇంగ్లీషు దగ్గర ఆగిపోయింది. డౌన్‌లోడించు అని జోకుకి తప్ప ఎవరూ అనరు, డౌన్‌లోడ్ చెయ్యాలి, మిస్ అవ్వాలి, ఫీల్ అవ్వాలి. చేయు, అవు అనే రెండు క్రియలు ఇంగ్లీషు మాటలన్నిటినీ మోస్తున్నాయి. మరోపక్క బహువచనం దగ్గర మాత్రం మనకి నమ్మకం చాలదు, ఫ్రెండ్సులు, షూస్‌లు అని అక్కడ ఇంగ్లీషు ముక్క ఉన్నా మళ్ళీ మన "లు" తగిలిస్తాం. వినేవాళ్ళకి ఆ "స్" బహువచనంగా అందట్లేదు, మొత్తం ఫ్రెండ్స్ అనేదే ఒక ముక్క అయిపోయింది. నాకైతే ఇది తప్పులా అనిపించదు.


సీతంపేట మాస్టారు:

లేటుగా చూశాను ఈ చర్చ. నేను ఏజెన్సీలో పని చేస్తున్నాను, మా బడిలో సగం మంది పిల్లలు ఇంట్లో సవర మాట్లాడతారు. తెలుగులో ముక్కలన్నీ వెనకే తగులుతాయి కదా, చేయించుకోలేకపోయాను అని రైలు పెట్టెల్లా వెనక్కి వెనక్కి. అచ్చ తెలుగులో ముందు తగిలేవి లేవనే చెప్పుకోవచ్చు, ప్రహారం ఆహారం విహారం సంహారం అని మనం చదివేవి సంస్కృతంతో వచ్చిన ఉపసర్గలు. సవరలో అలా కాదు. అది ముండా భాష, మన ద్రావిడ కుటుంబం కాదు. అక్కడ "చేయించు" లాంటి అర్థం రావాలంటే "అబ్" అని ముందు తగిలిస్తారు. కొన్ని ముక్కలు ధాతువు మధ్యలోకి కూడా దూరతాయి.

ఇంకా వింత, నామవాచకం వెళ్ళి క్రియ లోపల కూచుంటుంది. "పులి నిన్ను పట్టుకుంటుంది" అనేది ఒకే మాట, తెలుగు లిపిలో సుమారుగా ఞమ్‌కిద్‌తమ్ అని రాయొచ్చు. ఞమ్ పట్టుకోవడం, కిద్ పులి, త్ ఇంకా జరగని కాలం, అమ్ నిన్ను. విడిగా వాడినప్పుడు పేరుకి ఒక నిండు రూపం ఉంటుంది, క్రియలో దూరేటప్పుడు పొట్టి రూపం ఉంటుంది. అంటే పంతులు గారు ఇల్లు, ఇంటి అన్నారు చూడండి, దాదాపు ఆ సంగతే, కాకపోతే ఇక్కడ ఇంకా గట్టిగా.

ఇవన్నీ పద్ధతిగా రాసిపెట్టింది మన గిడుగు రామమూర్తి గారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా చేస్తూ సవర నేర్చుకుని, 1931లో ఆ భాష మీద ఇంగ్లీషులో పెద్ద పుస్తకమే వేశారు. వ్యావహారిక భాష కోసం పోరాడినాయనగా అందరికీ తెలుసు, ఆగస్టు 29న దండలు వేస్తాం, ఈ సంగతి మాత్రం ఎమ్మే వాళ్ళు కూడా చదవరు. నా ఉద్దేశంలో ఆయన్ని వాడుక భాష వైపు తోసినవాటిలో ఇది కూడా ఒకటి అయ్యుంటుంది. అప్పటికి రాత అనేదే లేని భాషలో ఎంత కట్టుదిట్టమైన వ్యాకరణం ఉంటుందో చేత్తో పట్టుకుని చూసినాయన, జనం మాట్లాడే తెలుగుకి వ్యాకరణం లేదంటే ఒప్పుకుంటాడా?


బొబ్బిలి:

మాస్టారూ ఇది మాత్రం అదిరింది. నేను కూడా ఒకటి వేస్తాను, ముక్క ఏదో అర్థం ఏదో తేల్చండి. చిట్టచివర, మొట్టమొదట, పట్టపగలు, నట్టనడుమ, బట్టబయలు. ఇందులో చిట్ట అంటే ఏంటి, మొట్ట అంటే ఏంటి?


పాత పంతులు:

అది టెన్తులో చదువుకున్నదే కదయ్యా, ఆమ్రేడితం, ద్విరుక్తటకారం. చివర + చివర. మొదటిదానిలో మొదటి అక్షరం ఉంచి మిగతాదంతా చెరిపేసి "ట్ట" పెట్టడం. పాత సీసా అన్నావు, ఇప్పుడు సీసా నువ్వే తెచ్చావు.


నాగావళి:

హహ. బొబ్బిలి గారి ప్రశ్న మాత్రం గట్టిదే. ఇక్కడ "చిట్ట"కి సొంత అర్థం లేదు, ముక్క అని విడిగా పట్టుకోవడానికి వస్తువే లేదు. అసలు మాటలోంచి కొంచెం తీసుకుని, "ట్ట" కలిపి, ముందు పెట్టడం అనే పనే "మరీ" అనే అర్థాన్నిస్తోంది. కాఫీ గీఫీ, బస్సు గిస్సు, పులి గిలి కూడా ఇలాంటివే, మొదటి అక్షరం పొట్టిదైతే "గి", పొడుగుదైతే "గీ". మరి గిన్నెకి ఏమంటారు? గిన్నె గిన్నె అనలేం కదా. నేను చాలామందిని అడిగాను, అందరూ ఒక్క క్షణం ఆగి "గిన్నెలూ అవీ" అని తప్పించుకుంటారు.


గరివిడి కుర్రోడు:

మా ఇంట్లో ఇప్పుడే అడిగాను, "గిన్నెలూ తప్పేలాలూ" అన్నారు. అదీ తప్పించుకోడమే. సరే, మాస్టారు వేసిన రైలు కోసి చూపిస్తాను, ఎక్కడైనా తేడా ఉంటే చెప్పండి. చేయించుకోలేకపోయాను. చేయ్ + ఇంచ్ + కో + లేక + పో + యా + ను.


నాగావళి:

బాగుంది. "లేక"ని ఇంకా చిన్నది చెయ్యొచ్చు, లే + క, చెయ్యక, తినక, రాకలో ఉన్న "క"యే అది. ఇంక "యా" దగ్గర ఆగండి. వచ్చాడులో కాలం ముక్క "ఆ" అని తేల్చుకున్నాం కదా, మరి ఇక్కడ "యా" అని రాస్తే ఇంకో సపదాంశం ఒప్పుకున్నట్టే. ఆ "య్" పో తాలూకుదా, ఆ తాలూకుదా, రెండు అచ్చుల మధ్య ఊరికే వచ్చి నిలబడిందా?


గరివిడి కుర్రోడు:

ఊరికే వచ్చిందే అయ్యుండాలి. మా వాళ్ళు పోనాడు అంటారు, అందులో "య్" లేనే లేదు.


నాగావళి:

అంతే. పో + నా + డు. వచ్చినాడులో ఉన్న "ఇనా"లో ఇత్వం పోయి "నా" మిగిలింది, అచ్చు పక్కన అచ్చు పడలేదు కాబట్టి "య్" అవసరం రాలేదు. పోయాడులో "న్" కూడా పోయింది, "ఓ" పక్కనే "ఆ" వచ్చి పడింది, అందుకని "య్" దిగింది. పరీక్షలో పో + (య్) + ఆ + ను అని బ్రాకెట్లో పెట్టి రాసి, కింద ఒక్క లైను కారణం రాయండి. పోనాడుని ఉదాహరణగా ఇస్తే దిద్దేవాళ్ళు ఇటువైపు వాళ్ళయితే ఇంకా సంతోషిస్తారు.